డబ్బా మీద నానోవైర్, లోపల నాలుగు డయోడ్లు: జేబు రేడియేషన్ డిటెక్టర్‌తో మూడు నెలలు

ముందే చెప్తున్నా, ఇది తిట్టడానికి రాసే రివ్యూ కాదు, అలా అని పొగడ్డానికి కూడా కాదు. మూడు నెలలు వాడా, ఒకసారి విప్పా, రెండుసార్లు గట్టిగా కోపం వచ్చింది, అయినా ఇప్పటికీ నా బ్యాగ్‌లోనే ఉంది. కంపెనీ పేరు రాయట్లేదు. ఇదే సరుకు నాలుగైదు పేర్లతో తిరుగుతోంది కాబట్టి పేరు కన్నా లోపల ఏముందో చెప్తేనే మీకు పనికొస్తుంది.

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉంటుంది, చిన్న స్క్రీన్, ఒకటే బటన్, ఫోన్‌లో యాప్. డబ్బా మీద మాత్రం పెద్ద అక్షరాల్లో "నానోవైర్ సెమీకండక్టర్ సెన్సర్" అని రాసి, కింద సన్నటి పుల్లలు నిలబెట్టిన అడవిలాంటి బొమ్మ వేశారు. నేను పడిపోయింది ఆ బొమ్మకే. నానోవైర్ల మీద, అంటే వెంట్రుకలో వెయ్యో వంతు లావుండే పుల్లల మీద, ఎప్పట్నుంచో చదువుతూ ఉన్నా, పెద్ద పెద్ద ఎక్స్‌రే సెంటర్లలో జరిగే పని ఇంత చిన్న డబ్బాలోకి ఎలా దిగిందబ్బా అనుకుని ఇంకేం ఆలోచించకుండా ఆర్డర్ పెట్టేశా. తప్పు నాదే, కొంచెం లెక్క వేసుకుని ఉంటే ఆ రోజే తెలిసిపోయేది. ఆ లెక్క కింద చెప్తా.

మొదటి రాత్రి టేబుల్ మీద పెట్టి పక్కన నా పాత గైగర్ ట్యూబ్ మీటర్, అంటే రేడియేషన్ తగిలినప్పుడల్లా టిక్‌మనేది, పెట్టా. గైగర్ నిమిషానికి 20 అటూ ఇటూగా టిక్‌టిక్‌మంటోంది, ఇదేమో నిమిషానికి 2. ఒక్కోసారి 0. ఒక్కోసారి 4. స్క్రీన్ మీద మాత్రం గంటకి 0.11 మైక్రో సీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు కొలత) అని రెండు డెసిమల్స్‌తో దర్జాగా చూపిస్తోంది. ఇక్కడే మొదటి అనుమానం వచ్చింది, నిమిషానికి రెండు దెబ్బలు లెక్కపెట్టినోడికి రెండో డెసిమల్ ఎక్కడ్నుంచి వస్తుంది? రేడియేషన్ లెక్కల్లో ఒక మొండి రూల్ ఉంది కదా, 100 లెక్కపెడితే అటూ ఇటూ 10 తేడా మామూలు, 20 లెక్కపెడితే నాలుగున్నర. అంటే ఇది పది నిమిషాలు కూర్చుని 20 దెబ్బలు లెక్కపెట్టినా 22 శాతం దాకా ఊగుతుంది, మిషన్ ఎంత మంచిదైనా సరే, ఎవరూ తప్పించలేరు. యాప్ చేసేదేంటంటే పాత రీడింగ్‌లన్నీ సగటు చేసి నున్నగా గీత గీసి చూపిస్తుంది, చూసేవాళ్లకి స్థిరంగా ఉన్నట్టు కనిపిస్తుంది. అబద్ధం అనను గానీ మేకప్ అంటా.

వారం ఓపిక పట్టి తర్వాత విప్పేశా. నాలుగు స్క్రూలు, లోపల బోర్డు, బోర్డులో ఒక మూలకి రాగి టేపు చుట్టిన చిన్న గది. టేపు గోటితో మెల్లగా లేపి చూస్తే... నాలుగు చిన్న చదరాలు, వరసగా, ఒక్కోటి రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు ఎవరైనా చూడగానే గుర్తుపడతారు, బీపీడబ్ల్యూ 34 రకం పిన్ ఫోటోడయోడ్లు, అంటే వెలుగు పడితే కరెంటు ఇచ్చే సిలికాన్ ముక్కలు. ఎన్నో ఏళ్లుగా రిమోట్ రిసీవర్లలో, లైట్ మీటర్లలో, ఇంట్లో కూర్చుని డిటెక్టర్ చేసుకునే హాబీ జనాల దగ్గర ఉండేవే. ఒక్కోటి 7.5 చదరపు మిల్లీమీటర్లు, నాలుగూ కలిపితే 30. నానోవైర్ లేదు, వైర్ అనదగ్గది బ్యాటరీ నుంచి వచ్చిన ఎర్రదీ నల్లదీ మాత్రమే.

పేరు గొప్ప ఊరు దిబ్బ అనుకున్నా ఆ నిమిషం. తర్వాత చల్లబడి ఆలోచిస్తే, నిజానికి వాళ్లు లోపల నానోవైర్ పెట్టి ఉంటేనే నేను నిండా మునిగేవాణ్ణి. ఎలాగో చూడండి.

గామా అంటే ఎక్స్‌రే లాంటి కిరణం, ఫోటాన్ అంటే దాని ఒక్క తునక. ఆ గామా ఫోటాన్‌ని పట్టుకోవాలంటే ముందు అది మీ పదార్థంలో దేన్నైనా గుద్దుకోవాలి, గుద్దుకోకపోతే మీకు అది వచ్చినట్టే తెలీదు. సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి వచ్చే 662 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల (శక్తి కొలత ఇది) గామా సిలికాన్‌లో సగటున ఐదు సెంటీమీటర్లు దాటి పోతే గానీ దేన్నీ ముట్టుకోదు. ఈ డయోడ్లలో పనిచేసే మందం మిల్లీమీటర్‌లో మూడో వంతు కన్నా తక్కువ. సరే మహా అయితే 0.3 మిల్లీమీటర్లు అనుకుందాం, అప్పుడు వెయ్యి గామాలు వస్తే చిక్కేవి ఐదు. అదే ఒక సెంటీమీటర్ సీజియం అయొడైడ్ స్ఫటికం అయితే వందకి 30 చిక్కుతాయి. ఇప్పుడు నానోవైర్‌కి రండి, అడ్డంగా 100 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో వెయ్యో వంతు లాంటిది. పది లక్షల గామాలు దాని గుండా పోతే చిక్కేవి రెండు. ఏనుగు పోయే దారికి దోమతెర కట్టినట్టు.

అక్కడితో అయిపోలేదు. ఆ రెండూ చిక్కినా, గుద్దుకున్నప్పుడు ఎగిరిన ఎలక్ట్రాన్ ఆ వైర్‌లోనే ఆగాలి కదా. 60 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ఎలక్ట్రాన్ సిలికాన్‌లో 30 మైక్రాన్ల దాకా పరిగెడుతుంది, అది వైర్ మందానికి 300 రెట్లు. శక్తిలో చిల్లర మాత్రం వైర్‌లో పడేసి మిగతాదంతా బయటికి పట్టుకుపోతుంది. అంటే అది ఏ శక్తి గామానో కూడా మీకు తెలీదు. జేబులో పెట్టుకుని ఇల్లంతా తిరిగి బ్యాక్‌గ్రౌండ్ (చుట్టూ ఎప్పుడూ ఉండే రేడియేషన్) చూద్దామనుకునేవాడికి ఇంతకన్నా పనికిరాని సెన్సర్ ఉండదు.

మరి నానోవైర్ డిటెక్టర్లు అంతా ఉత్తదేనా అంటే, కాదు. పిట్ట కొంచెం కూత ఘనం అనే సామెత దీనికి సరిగ్గా అతుకుతుంది, కాకపోతే కూత వినాల్సిన చోట వినాలి. 2014లో జర్మనీలోని గోటింగెన్ యూనివర్సిటీలో పనిచేస్తున్న యెస్పర్ వాలెంటీన్, ఆయనతో పనిచేసినవాళ్లు కలిసి ఒకే ఒక్క ఇండియం ఫాస్ఫైడ్ నానోవైర్, 100 నానోమీటర్ల మందం ఉన్నదాన్ని తీసుకుని, హార్డ్ ఎక్స్‌రే డిటెక్టర్‌గా వాడి చూపించారు. ఎక్కడ వాడారో చూడండి, అసలు తెలివి అక్కడుంది. సన్నగా ఫోకస్ చేసిన ఎక్స్‌రే కిరణం ఎక్కడ ఎంత గట్టిగా ఉందో కొలవడానికి. అక్కడ ఫోటాన్లకి కరువు లేదు, చిటికెడు చోట్లో కుండపోతగా పడుతుంటాయి, వైర్ వాటిలో ఎక్కడో ఒకటి పట్టుకున్నా కరెంటు కనబడుతుంది. పైగా కిరణం అడ్డంగా ఎంత ఉందో చూడాలంటే దానికన్నా సన్నటి కొలకర్ర కావాలి. మామూలు డిటెక్టర్‌లో ఒక్కో పిక్సెల్ పదుల మైక్రాన్లు ఉంటుంది, దాంతో ఆ మచ్చని కొలవడం చీపురుకట్టతో కాటుక దిద్దడమే.

అసలు ఈ వైర్లు పెంచే పద్ధతి నాకు భలే ఇష్టం, రివ్యూకి సంబంధం లేదు గానీ చెప్పకుండా ఉండలేను. 1964లో బెల్ ల్యాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ అని ఇద్దరు దీన్ని వివరించారు. సిలికాన్ మీద చిన్న బంగారు బొట్టు పెట్టి వేడిచేస్తే రెండూ కలిసి 363 డిగ్రీల సెల్సియస్‌కే కరిగిపోతాయి, విడివిడిగా అయితే రెండింటికీ వెయ్యి దాటాలి. పైనుంచి సిలికాన్ ఉన్న వాయువు వదిలితే ఆ బొట్టు తాగుతూ ఉంటుంది, నిండాక ఎక్కువైనదాన్ని కింద స్ఫటికంగా దింపుతుంది, బొట్టేమో పైకి లేస్తుంది. అంతే, బంగారు బొట్టు నెత్తిన పెట్టుకుని పుల్ల పెరుగుతూ పోతుంది. బొట్టు ఎంత ఉంటే పుల్ల అంత లావు. వాళ్లప్పుడు పెంచినవి ఇంత సన్నవి కాదు లెండి, దారి మాత్రం అదే.

ఈ పుల్లల అడవితో ఇంకో లాభం కూడా ఉంది, డబ్బా మీద బొమ్మ వేసినవాడికి తెలుసో లేదో. మామూలు డిటెక్టర్‌లో గామా చిక్కాలంటే మందం కావాలి, మందం పెరిగితే పుట్టిన చార్జ్ అంచుదాకా నడవాల్సిన దూరం పెరిగి దారిలో చిక్కుకుపోతుంది. పుల్లలో అయితే పొడుగు వెంట కిరణం పోతుంది, చార్జ్ మాత్రం అడ్డంగా పక్కకి వస్తే చాలు, ఆ రెండు దూరాలకీ ముడి తెగిపోతుంది. నాకు తెలిసి దీన్ని బాగా వాడుకున్నది న్యూట్రాన్లు పట్టేవాళ్లు. అమెరికాలో లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో సిలికాన్‌ని సన్న స్తంభాలుగా చెక్కి, మధ్య సందుల్లో బోరాన్-10 నింపారు. న్యూట్రాన్‌ని బోరాన్ మింగితే ఆల్ఫా, లిథియం రెండు ముక్కలు ఎగురుతాయి, అవి బోరాన్‌లో మూడు నాలుగు మైక్రాన్ల కన్నా పోలేవు. అందుకని సందు రెండు మైక్రాన్ల లాగా ఉంటే ముక్క తప్పకుండా పక్క స్తంభంలోకి వచ్చి పడుతుంది. ఇవి నానో కాదు, మైక్రో. అయినా చిన్నది ఎందుకు కావాలో తెలిసి చిన్నది చేయడం అంటే అది. ఇంకో దారి పెరోవ్‌స్కైట్ అనే స్ఫటికాల జాతిది, సన్న రంధ్రాలున్న అల్యూమినియం ఆక్సైడ్ పలకలో సీజియం లెడ్ బ్రోమైడ్ నానోవైర్లు పెంచి, ఎక్స్‌రే పడినప్పుడు వచ్చే వెలుగు పక్కకి చెదరకుండా వైర్ వెంటే నడిపించడం. బొమ్మ పదునుగా వస్తుంది. ఇది కూడా ఇమేజింగ్‌కే, జేబు మీటర్‌కి కాదు.

ఇంకో గందరగోళం, "నాసా వాళ్లు నానోవైర్ డిటెక్టర్ వాడారు కదా" అని ఒకరు నాతో వాదించారు. వాడారు, సైకీ అంతరిక్ష నౌక నుంచి 2023లో వచ్చిన లేజర్ సిగ్నల్‌ని పాలొమార్ టెలిస్కోప్ దగ్గర పట్టుకున్నది నానోవైరే. కానీ అది సూపర్ కండక్టర్ నానోవైర్, మైనస్ 273 డిగ్రీల సెల్సియస్‌కి దగ్గర చలిలో పెట్టాలి, అది పట్టేది వెలుగు ఫోటాన్లని. పేరు ఒకటే గానీ జాతి వేరు.

సరే, మళ్లీ మన డబ్బా దగ్గరికి. నానోవైర్ అనే మాట పక్కన పడేసి "నాలుగు డయోడ్ల డిటెక్టర్" అనుకుని మార్కులు వేస్తే ఎలా ఉంది?

పనిచేస్తుంది, నిజంగా. మా ల్యాబ్‌లో సీల్ వేసిన చిన్న సీజియం-137 బిళ్ల ఉంది, దాంతో దూరం పరీక్ష పెట్టా. డబ్బా ముఖం నుంచి 5 సెంటీమీటర్ల దగ్గర పది నిమిషాలకి 366, 10 సెంటీమీటర్ల దగ్గర 119. బ్యాక్‌గ్రౌండ్ 20 తీసేస్తే 346, 99. దూరం రెట్టింపైతే నాలుగో వంతుకి పడాలి కదా, ఇక్కడ మూడున్నర రెట్లే తగ్గింది. మిషన్ తప్పేమో అని రెండు రోజులు బుర్ర గోక్కున్నా, ఇంకా విప్పకముందు సంగతి ఇది. విప్పాక స్కేలు పెట్టి చూస్తే డయోడ్లు ముఖం నుంచి 7 మిల్లీమీటర్లు లోపలికి ఉన్నాయి. 5.7, 10.7 పెట్టి మళ్లీ లెక్కేస్తే 3.52 రావాలి. వచ్చింది 3.49. కుర్చీలోంచి లేచి ఒక రౌండ్ తిరిగొచ్చా, అంత ఆనందం వేసింది. మాన్యువల్‌లో సెన్సర్ ఎక్కడుందో ఒక చుక్క పెట్టి లోతు రాసుంటే ఈ రెండు రోజులు మిగిలేవి.

అమెరీషియం-241 (ఇంకో రేడియోధార్మిక పదార్థం) బిళ్ల పెడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. దాంట్లోంచి వచ్చే ఆల్ఫా కణాలు సరే, రాగి టేపు దాటి రాలేవు, కానీ 59.5 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల గామా ఉంది కదా, అది టేపు దాటుతుంది. సిలికాన్‌లో ఒక ఎలక్ట్రాన్-హోల్ జత (కరెంటు మోసే జంట) పుట్టడానికి 3.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు కావాలి, ఆ లెక్కన 59.5 మొత్తం పడినా పుట్టేది 16,500 జతలు, రెండున్నర ఫెమ్టో కూలుంబ్‌ల చార్జ్. ఈ బోర్డు మీద ఆంప్లిఫయర్ నాయిస్ (దానంతటదే పుట్టే గజిబిజి) దాదాపు అంతే ఉన్నట్టుంది, అందుకని కంపెనీవాళ్లు థ్రెషోల్డ్ (ఇంతకన్నా చిన్న సిగ్నల్ లెక్కపెట్టొద్దు అనే గీత) పైకి జరిపేశారు. జరపకపోతే రేడియేషన్ లేకుండానే టిక్కులు వచ్చేవి, కాబట్టి తప్పు పట్టను. కానీ "అన్ని శక్తుల గామా, ఎక్స్‌రే పట్టేస్తుంది" అని డబ్బా మీద రాయకూడదు. తక్కువ శక్తి ఎక్స్‌రేలకి ఇది చెవిటిది. ఎక్స్‌రే మిషన్ దగ్గర దీన్ని పెట్టి సున్నా చూసి ధైర్యపడితే ప్రమాదం, ఆ మాట గట్టిగా చెప్తున్నా.

థోరియం కలిపిన టిగ్ వెల్డింగ్ పుల్లలు, ఎర్ర చివర ఉండేవి, పది కట్టగట్టి ఆనిస్తే నిమిషానికి 2 నుంచి 9కి ఎక్కింది. విమానంలో పైకెళ్లాక నిమిషానికి 30 దాటింది, దిగేటప్పుడు మళ్లీ మెల్లగా పడింది, ఆ గ్రాఫ్ యాప్‌లో దాచుకున్నా. యాప్ చూపించిన మైక్రో సీవర్ట్‌లని మాత్రం నమ్మను, సీజియం గామాకి సరిచేసిన మీటర్ అది, ఆకాశంలో ఉండేది వేరే రకం కిరణాల కలగూరగంప.

ఇక కోపం వచ్చిన రెండు సందర్భాలు.

ఒకటి, వెలుతురు. ఒకరోజు కిటికీ పక్కన పెడితే ఉన్నట్టుండి అలారం మోగింది, 800 దాటి చూపిస్తోంది. నా గుండె ఒక్కసారి ఆగినంత పనైంది, పక్కనున్న గైగర్ చూస్తే అది హాయిగా 20 దగ్గరే ఉంది. అటూ ఇటూ తిప్పి చూస్తే ఎండ పడినప్పుడే వస్తోంది. రాత్రి లైట్లు ఆపేసి టార్చ్ వేసి వెతికా. చార్జింగ్ రంధ్రం దగ్గర రబ్బర్ మూత సరిగా కూర్చోలేదు, అక్కడ్నుంచి వెలుగు లోపలికి పోతోంది, రాగి టేపు ఆ మూల కొంచెం పొట్టిగా కత్తిరించారు. ఫోటోడయోడ్ అంటేనే వెలుగు పట్టేది, దానికి చీకటి గది సరిగా కట్టకపోతే ఇంతే. నల్ల టేపు ముక్క వేశాక ఆగిపోయింది.

రెండోది, దెబ్బలు. టేబుల్ మీద కాస్త గట్టిగా పెడితే చాలు టక్ టక్‌మని రెండు మూడు లెక్కపెట్టేస్తుంది. జేబులో వేసుకుని మెట్లు దిగితే బ్యాక్‌గ్రౌండ్ మూడింతలు. కారణం ఏంటంటే వదులుగా ఉన్న ఆ టేపుకీ ఇన్‌పుట్‌కీ మధ్య దూరం వెంట్రుకవాసి కదిలినా కెపాసిటెన్స్ (చార్జ్ పట్టి ఉంచే సామర్థ్యం) మారి చార్జ్ పుడుతుంది, ఫెమ్టో కూలుంబ్‌లు లెక్కపెట్టే ఆంప్లిఫయర్‌కి అది గామా లాగే కనిపిస్తుంది. టేపు కింద చిన్న స్పాంజి ముక్క పెట్టి నొక్కి అంటించా, సగానికి సగం తగ్గింది. ఫోన్ ఆనించి పెట్టినా, కాల్ వచ్చినప్పుడు ఒకటి రెండు దొంగ టిక్కులు వస్తాయి. జేబులో పెట్టుకునే వస్తువు, జేబులో ఫోన్ ఉండదా మరి?

కస్టమర్ కేర్‌కి మర్యాదగానే రాశా, నానోవైర్ ఎక్కడుందో చూపించండి అని, డయోడ్ల ఫోటో కూడా పెట్టా. నాలుగు రోజులకి జవాబొచ్చింది, "మా సెన్సర్ నానో స్థాయిలో పనిచేస్తుంది" అంట. ఆ లెక్కన ప్రతి డయోడూ నానో స్థాయిలోనే పనిచేస్తుంది, ఎలక్ట్రాన్లు ఇంకే స్థాయిలో పనిచేస్తాయి. మళ్లీ రాస్తే విప్పినందుకు వారంటీ పోయింది అన్నారు. రబ్బర్ మూత మాత్రం కొత్తది పంపిస్తాం అన్నారు, అది వాళ్ల మంచితనమే.

బ్యాటరీ మాత్రం అదిరింది. గైగర్ ట్యూబ్‌కి 400 వోల్ట్‌లు పుట్టించాలి, దీనికి ఆ బాధ లేదు, ఒక చార్జ్‌కి మూడు వారాల పైనే వస్తోంది. ట్యూబ్ లాగా పగిలిపోయేది కూడా ఏం లేదు. ఒకసారి చెయ్యి జారి నేల మీద పడింది, పదిహేను దొంగ టిక్కులు కొట్టి మళ్లీ మామూలైపోయింది.

ఎవరికి పనికొస్తుందంటే, పాఠం చెప్పేవాళ్లకి బాగా పనికొస్తుంది. దూరం పరీక్ష, మధ్యలో సీసం రేకు పెట్టి చూడటం, లెక్క ఎలా ఊగుతుందో పిల్లలకి చూపించడం, అన్నిటికీ సరిపోతుంది, మెల్లగా వచ్చే టిక్కులు కూడా అక్కడ మంచిదే, ఒక్కోటి లెక్కపెట్టుకోవచ్చు. బయట తిరుగుతూ రాళ్లూ పాత గాజు సామానూ వెతికేవాళ్లు దీని జోలికి పోకండి, స్ఫటికం ఉన్న మీటర్ తీసుకోండి, ఇది ఒక రాయి దగ్గర పది నిమిషాలు కూర్చోబెడుతుంది. రేడియేషన్ దగ్గర ఉద్యోగం చేసేవాళ్లు మీకు ఇచ్చిన రేడియేషన్ కొలిచే బ్యాడ్జే పెట్టుకోండి, దాని బదులు ఇది అస్సలు కాదు.

ఐదుకి మూడు ఇస్తున్నా. డబ్బా మీద "నాలుగు పిన్ డయోడ్లు, 30 చదరపు మిల్లీమీటర్లు, 60 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర పట్టదు" అని రాసుంటే నాలుగు ఇచ్చేవాణ్ణి. రబ్బర్ మూత పంపిస్తామని నెల దాటింది, ఇంకా రాలేదు, నల్ల టేపు మీదే నడుస్తోంది. వస్తే ఎండలో మళ్లీ పెట్టి చూసి ఇక్కడే రాస్తా.